పది మంది కావాలి

మొన్న ఐవీకి మా థర్డ్ ఇయర్ సివిల్ బ్యాచ్‌ని కొచ్చి తీసుకెళ్ళారు. ఐవీ అంటే మీకు తెలిసిందే. రెండు గంటలు హెల్మెట్ పెట్టుకుని సైట్‌లో నిలబడటం, మిగతా మూడు రోజులు ఊరు తిరగడం. ఆ రెండు గంటల గురించి నేనేం రాయను. దాని రిపోర్ట్ ఎలాగూ ఇచ్చేశాం, అందరం ఒకడిదే చూసి రాసి.

శనివారం మధ్యాహ్నం ఖాళీ దొరికితే మట్టాంచేరి వెళ్ళాం. అక్కడ జ్యూ టౌన్ అని ఒక వీధి ఉంది. వీధి చివర 1568లో కట్టిన పరదేశి సినగాగు, పక్కనే 1760 నాటి గడియారపు గోపురం. లోపల నేలంతా చైనా నుంచి తెప్పించిన నీలం తెలుపు పలకలనీ, ఒక్కోదాని మీదా చేత్తో బొమ్మ వేశారనీ చదివి ఉన్నా. తీరా వెళ్తే తలుపు మూసి ఉంది. శనివారం కదా, సబ్బాతు, అన్నాడు ఎదురు షాపాయన. యూదులకి శుక్రవారం పొద్దుగూకినప్పట్నుంచి శనివారం పొద్దుగూకేదాకా విశ్రాంతి దినం.

"ఇక్కడ యూదులు ఎంతమంది ఉన్నారు చేట్టా?" అని అడిగాం. ఆయన నవ్వి చేతివేళ్ళు చూపించాడు. ఒక చెయ్యే. అవి కూడా అన్నీ తెరవలేదు.

"మరి సెలవు ఎవరికిరా?" అన్నాడు మా రూమ్మేట్.

అందరం నవ్వాం. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. వీధి పేరు యూదులది. షాపుల్లో అమ్మేది మిరియాలు, పాత ఇత్తడి సామాన్లు, కాశ్మీరు శాలువాలు. కొనేది మాలాంటి టూరిస్టులు. యూదుల పేరు బోర్డు మీద మాత్రం ఉంది.

యూదుల పద్ధతిలో ఒక నియమం ఉందని తర్వాత తెలిసింది. సామూహిక ప్రార్థన పూర్తిగా జరగాలంటే పదమూడేళ్ళు దాటిన మగవాళ్ళు కనీసం పది మంది ఉండాలి. దాన్ని మిన్యాన్ అంటారు. తొమ్మిది మంది మహా పండితులున్నా చాలదు, పది మంది మామూలు మనుషులైతే చాలు. గోడలెంత పాతవైనా, దీపాలెంత ఖరీదైనవైనా పదో మనిషి రాకపోతే కొన్ని ప్రార్థనలు చెయ్యడానికే లేదు. ఈ వ్యాసం మొత్తం నిజానికి ఆ పదో మనిషి గురించే.

మర్నాడు ఆదివారం. బ్యాచ్‌లో చాలామంది లులు మాల్‌కి పోయారు. మేం నలుగురం బస్సెక్కి పరవూరు వెళ్ళాం, అక్కణ్ణుంచి ఆటోలో చేందమంగళం. ఈ రెండు ఊళ్ళలో పాత సినగాగుల్ని బాగుచేసి కేరళ యూదుల జీవితం గురించి మ్యూజియాలుగా పెట్టారు. పాత ముజిరిస్ రేవు చుట్టుపక్కల కట్టడాల్ని కాపాడే పథకంలో ఇవీ భాగం. శనివారం సెలవు సమస్య వీటికి లేదు. ప్రార్థనే లేదు కాబట్టి.

పరవూరు సినగాగులో ముందు ద్వారం ఇల్లు, దాని వెనక స్తంభాల వరసతో పొడవాటి నడవ, తర్వాత ఖాళీ స్థలం, అది దాటితే ప్రార్థన గది. ఇది యూదుల గుడి అని ఎవరూ చెప్పకపోతే పాతకాలపు మలయాళీ పెద్దింటికి వచ్చామనే అనుకుంటాం. పెంకుల కప్పు, మందమైన సున్నపు గోడలు, టేకు దూలాలు. లోపల పడమటి గోడకి చెక్కపని చేసిన మందసం ఉంటుంది. తోరా చుట్టలు ఉంచేది అందులోనే. పడమరే ఎందుకంటే ఇక్కణ్ణుంచి జెరూసలేం అటువైపు. గది మధ్యలో చదవడానికి ఇత్తడి కమ్మీలతో వేదిక.

ఇక్కడ మన సివిల్ వాళ్ళకి నచ్చే విషయం ఒకటుంది. మామూలుగా సినగాగులో చదివే వేదిక ఒకటే ఉంటుంది. కేరళలో రెండు. ఒకటి కింద, ఇంకోటి పై గ్యాలరీలో. పండగలకీ సబ్బాతుకీ పై వేదిక వాడేవాళ్ళు. దాని వెనకే చెక్క జాలీ, జాలీ వెనక ఆడవాళ్ళ చోటు. అంటే ఆ రోజుల్లో తోరా చదువు ఆడవాళ్ళకి నాలుగడుగుల దూరంలోనే వినిపించేది. వాళ్ళ చోటు వేరే, మెట్లు వేరే. కానీ చెవికి మాత్రం దగ్గర. ఈ జాలీ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా.

మందసం ఖాళీ. బెంచీలు ఖాళీ. ఫస్ట్ స్ట్రక్చర్స్ క్లాసులో మనకి డెడ్ లోడ్, లైవ్ లోడ్ అని చెప్తారు. కట్టడం తన బరువు తాను మొయ్యడం డెడ్ లోడ్. వచ్చీపోయే మనుషుల బరువు లైవ్ లోడ్. ఆ గదిలో నిలబడితే నాకు ఆ పాఠం తప్ప ఇంకేం గుర్తురాలేదు. కట్టడం చెక్కుచెదరలేదు. లైవ్ లోడ్ మాత్రం మేం నలుగురం, టికెట్లిచ్చే చేచీ.

చేందమంగళంలో సినగాగు ముందు ఒక సమాధి రాయి ఉంది. సారా అనే ఆమెది, ఇస్రాయేల్ అనే ఆయన కూతురు. రాయి మీది తేదీ మన లెక్కలో 1269. మన దేశంలో దొరికిన హీబ్రూ శాసనాల్లో అన్నిటికంటే పాతది అదే. ఆ ఏడు మన ఓరుగల్లులో రుద్రమదేవి పాలిస్తోంది. ఆ వయసు రాయిని మేమైతే కోటగుమ్మాల్లోనే చూశాం. ఇది రాణిది కాదు, ఒక మామూలు ఆడమనిషిది. తండ్రి పేరు తప్ప ఆమె గురించి ఆ రాయి పెద్దగా ఏమీ చెప్పదు. అయినా ఏడున్నర వందల ఏళ్ళు నిలబడి ఉంది.

ఈ ఊరి గురించి అందరూ గొప్పగా చెప్పేది ఇంకోటుంది. గుడి, చర్చి, మసీదు, సినగాగు నాలుగూ దగ్గరదగ్గరే ఉంటాయి. మా వాడు ఒకడు వెంటనే స్టేటస్ పెట్టాడు, "ఇదీ మన ఇండియా" అని. లైకులు బాగానే పడ్డాయి.

అది అబద్ధం కాదు. వెయ్యో సంవత్సరం ప్రాంతంలో చేర రాజు భాస్కర రవివర్మ, జోసెఫ్ రబ్బాన్ అనే యూదు పెద్దకి రాగిరేకుల మీద హక్కులు రాసిచ్చాడు. రేకుల్లో ఆయన పేరు ఇస్సుప్పు ఇరప్పాన్ అని ఉంటుంది. డెబ్భై రెండు హక్కులు. పగలే దీపంతో ఊరేగొచ్చు, పల్లకీ ఎక్కొచ్చు, గొడుగు పట్టించుకోవచ్చు, బూరలూదించుకోవచ్చు. ఇప్పుడు వింటే చిన్నవిగా ఉంటాయి. ఎవరు గొడుగు పట్టుకోవాలో, ఎవరు పట్టుకోకూడదో కులం నిర్ణయించిన కాలంలో అవి చిన్నవి కావు. తర్వాత పోర్చుగీసువాళ్ళ బాధ మొదలైనప్పుడు కొచ్చి రాజు తన కోట పక్కనే యూదులకి స్థలమిచ్చాడు. మట్టాంచేరి సినగాగు వచ్చింది ఆ స్థలంలోనే. 2017లో మన ప్రధాని ఇజ్రాయెల్ వెళ్ళినప్పుడు ఈ రాగిరేకుల నకళ్ళే అక్కడి ప్రధానికి కానుకగా ఇచ్చారు.

కాబట్టి గర్వపడటంలో తప్పు లేదు. నా పేచీ ఎక్కడంటే, మనం యూదుల మ్యూజియంకి వెళ్ళి మన గురించి సర్టిఫికెట్ తీసుకుని వస్తున్నాం. "చూశారా, మనం వాళ్ళనేమీ అనలేదు." సరే, అనలేదు. మరి వాళ్ళెవరు? ఏం తిన్నారు, ఏం పాడుకున్నారు, దేనికోసం కొట్లాడుకున్నారు, ఎందుకు వెళ్ళిపోయారు? ఆ స్టేటస్‌లో ఒక్క యూదుడు కూడా లేడు. ఉన్నదంతా మనమే.

నేనూ తక్కువ తినలేదు. ఫోటోల హడావుడిలో సగం బోర్డులు చదవనేలేదు. హాస్టల్‌కి వచ్చాక సిగ్గేసి చదవడం మొదలుపెట్టా. అప్పుడు తెలిసిన మొదటి విషయం, సినగాగు లోపల కూడా గీతలున్నాయని.

కేరళ యూదులంతా ఒకటి కాదు. తరతరాలుగా అక్కడున్న మలబారు యూదుల్ని "నల్ల యూదులు" అన్నారు. స్పెయిన్ వైపు నుంచీ ఇంకా ఎక్కడెక్కణ్ణుంచో తర్వాత వచ్చిన పరదేశీల్ని "తెల్ల యూదులు" అన్నారు. వీళ్ళకీ వాళ్ళకీ పెళ్ళి సంబంధాలు లేవు. పరదేశీల్లోనే ఇంకో వర్గం, మెషుహ్రారిమ్. అంటే బానిసత్వం నుంచి విడుదలైనవాళ్ళు, వాళ్ళ పిల్లలు. దేవుడు వాళ్ళకీ ఒకడే, సబ్బాతూ అదే. కానీ పరదేశి సినగాగులో అందరితో సమానంగా కూర్చునే హక్కు వాళ్ళకి లేదు. ముందు గదిలోనో, నేల మీదో. తోరా చదవడానికి వాళ్ళని పిలిచేవాళ్ళు కాదు.

వినగానే ఎక్కడో విన్నట్టే లేదూ? వెయ్యేళ్ళు మన మధ్య ఉన్నవాళ్ళు మన దగ్గర గొడుగూ పల్లకీ తీసుకున్నారు, వాటితోపాటు ఇంకోటి కూడా తీసుకున్నారు. దాన్ని రాగిరేకుల మీద ఎవరూ రాయలేదు.

ఆ వర్గంలో పుట్టినవారే అబ్రహాం బరాక్ సేలం. 1882లో పుట్టి, చదువుకుని లాయరయ్యారు. 1929 లాహోర్ కాంగ్రెస్‌కి వెళ్ళారు. గాంధీగారు బయట తెల్లదొరల మీద ఏ ఆయుధం వాడారో, సేలం అదే సత్యాగ్రహాన్ని తమ సొంత సినగాగులో వాడారు. "యూదు గాంధీ" అన్న పేరు అందుకే వచ్చింది. ఒక్కరోజులో ఏమీ మారలేదు. ఏళ్ళు పట్టింది, ఒక్కో ఆంక్షా సడలింది. తర్వాత 1953లో ఆయనే ఇజ్రాయెల్ వెళ్ళి, కొచ్చి యూదుల్ని రానివ్వమని అక్కడివాళ్ళతో మాట్లాడి వచ్చారు. కేరళలో బోదకాలు ఎక్కువ, ఆ జబ్బు తమ దేశానికి వస్తుందేమోనని అప్పట్లో అక్కడి అధికారులు వీళ్ళని ఆపేశారు మరి. అందరి దారీ తెరిపించడానికి తిరిగిన ఆయన, తాను మాత్రం కొచ్చిలోనే ఉండిపోయి 1967లో కన్నుమూశారు.

ఒకప్పుడు మనుషుల్ని ముందుగదిలో ఆపేసిన అదే సినగాగుకి ఇప్పుడు పది మంది కరువు. దీన్ని నేను శిక్ష అనను, శాపం అనను. చరిత్ర అలా లెక్కలు తేల్చదు. కానీ ఒక మాట మాత్రం అంటాను. మనుషులు నిండుగా ఉన్నప్పుడు ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాం అన్నది చెప్పకుండా, నీలం పలకలూ గాజు దీపాలూ మాత్రమే చూసొస్తే మనం చూసింది సగమే. అది ఏ మ్యూజియం అయినా, ఎవరి సంస్కృతి అయినా. మన కోటలూ, మన గుళ్ళూ, మన ఊరి రచ్చబండతో సహా.

ఇప్పుడు ఆ చెక్క జాలీ దగ్గరికి వస్తా.

జాలీ వెనక కూర్చున్న ఆడవాళ్ళు ఊరికే వినలేదు. వాళ్ళు పాటలు కట్టారు. హీబ్రూలో కాదు, మలయాళంలో. పెళ్ళి పాటలు, పండగ పాటలు, బైబిలు కథల పాటలు, ఫలానా సినగాగు ఎలా కట్టారో చెప్పే పాటలు. చాలా దేశాల్లో సంప్రదాయ యూదులు మగవాళ్ళ ముందు ఆడవాళ్ళు పాడటాన్ని ఒప్పుకోరు. కేరళలో ఆ పట్టింపు లేదు, అందరి ముందూ పాడేవాళ్ళు. పాటల్ని నోటుపుస్తకాల్లో రాసుకునేవాళ్ళు. తల్లి పుస్తకం చూసి కూతురు, అత్త పుస్తకం చూసి కోడలు.

1948లో ఇజ్రాయెల్ ఏర్పడింది. తర్వాత ఏడెనిమిదేళ్ళలో, ముఖ్యంగా 1954, 55ల్లో, దాదాపు సమాజమంతా వెళ్ళిపోయింది. ఎవరూ తరమలేదు. కొందరిని భక్తి లాగింది, కొందరిని కొత్త దేశంలో బతుకు మీది ఆశ లాగింది. ఎనిమిది సినగాగులుండేవి. వాటిని మోసుకుపోలేరుగా! మట్టాంచేరిలోని కడవుంభాగం సినగాగు లోపలి చెక్కపని మాత్రం చాలా తర్వాత, 1990ల్లో, జెరూసలేంలోని ఇజ్రాయెల్ మ్యూజియంకి చేరింది. కట్టడాల్ని ఇక్కడే వదిలి వెళ్ళారు. ఆడవాళ్ళు మాత్రం తమ పెట్టెల్లో బట్టల మధ్య ఆ నోటుపుస్తకాలు పెట్టుకుని వెళ్ళారు.

వెళ్ళింది ఎక్కడికి? కొబ్బరి చెట్ల నుంచి, బ్యాక్‌వాటర్స్ నుంచి కొందరు నెగెవ్ ఎడారికి. అక్కడ నెవాటిమ్ అనే పల్లెలో స్థిరపడ్డారు. పిల్లలు హీబ్రూలో పడ్డారు. మలయాళం ముసలాళ్ళ భాషైంది. పుస్తకాలు పెట్టెల్లోనే మిగిలాయి. ఆ తర్వాత కొందరు పరిశోధకులు కేరళలోనూ ఇజ్రాయెల్‌లోనూ ఇంటింటికీ తిరిగి పుస్తకాలు వెతికారు, ముసలమ్మల చేత పాడించి రికార్డు చేశారు. దాదాపు మూడు వందల పాటలు దొరికాయి. 2004లో జెరూసలేం నుంచి ఒక సీడీ, 2005లో మలయాళం, హీబ్రూ రెండిట్లో ఒక పుస్తకం వచ్చాయి. యాభై ఏళ్ళు ఆగితే గానీ పాట బయటికి రాలేదు. ఇంకో ఇరవై ఆగుంటే పాడేవాళ్ళే మిగిలేవాళ్ళు కాదు.

అందుకే నా అభిప్రాయం ఇది. మ్యూజియం అవసరమే. కానీ అది కాపాడేది ఎక్కువగా మనిషి మొయ్యలేక వదిలేసిన సామాన్ని. మోసుకెళ్ళినవి ఇళ్ళలో ఉంటాయి, నోళ్ళలో ఉంటాయి. వాటికి టికెట్ కౌంటర్ లేదు, కాపలా లేదు. అవి ఎవరో ఒకరు అడిగితేనే బతుకుతాయి.

ఇది నాకు ఊరికే తోచలేదు. మా అమ్మమ్మకి ఒక నోటుపుస్తకం ఉండేది. రూళ్ళ పుస్తకం, అట్ట ఊడిపోయి దారంతో కట్టింది. నలుగు పాటలు, అలక పాటలు, అప్పగింతల పాటలు, మంగళహారతులు. ఊళ్ళో పెళ్ళంటే పది మంది ఆడవాళ్ళు అమ్మమ్మ చుట్టూ చేరేవాళ్ళు. ఆవిడ ఎత్తుకుంటే వాళ్ళు అందుకునేవాళ్ళు. చిన్నప్పుడు నాకు ఆ పాటలు బోరు, డీజే ఎప్పుడు మొదలవుతుందా అని చూసేవాణ్ణి. అమ్మమ్మ పోయాక పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టారు. ప్లాన్ గీసిన ఇంజనీరుకి నేనే పక్కన నిలబడి సలహాలిచ్చా, కాబోయే సివిల్ ఇంజనీర్ని కదా. సామాన్లు సర్దేటప్పుడు ఆ పుస్తకం పాత పేపర్లలో కలిసి తూకానికి పోయింది. ఎవరి తప్పూ కాదు. అది ఏంటో మాలో ఎవరికీ తెలీదు, అంతే.

చేందమంగళం నుంచి వచ్చాక అమ్మకి ఫోన్ చేసి అడిగా, ఆ పాటల్లో నీకెన్ని వచ్చు అని. కాసేపు ఆగి, "పల్లవులొస్తాయిరా, చరణాలు రావు" అంది. నాకు పల్లవులు కూడా రావు. మూడు తరాల్లో పుస్తకం, పల్లవి, సున్నా. మేం ఏ ఎడారికీ వలస పోలేదు. ఉన్న ఊళ్ళోనే ఉండి పోగొట్టుకున్నాం.

తిరుగు ప్రయాణంలో శబరి ఎక్స్‌ప్రెస్‌లో మా రూమ్మేట్‌తో ఇదే వాదన. వాడి మాట కొట్టిపారేసేది కాదు. "వాళ్ళు వెళ్ళి బాగుపడ్డారు కదరా. నువ్వెందుకు ఏడుస్తున్నావ్? నువ్వు మాత్రం ఎంఎస్‌కి వెళ్ళవా?" అన్నాడు. నిజమే. చేందమంగళంలో పుట్టి 1955లో వెళ్ళిన ఎలియాహు బెజలేల్ అనే ఆయన నెగెవ్ ఎడారిలో గ్రీన్‌హౌసుల్లో పూలు పండించి పేరు తెచ్చుకున్నారు. మన ప్రభుత్వం ఆయనకి ప్రవాసీ భారతీయ సమ్మాన్ ఇచ్చింది. నెవాటిమ్‌లో కొచ్చి యూదుల సినగాగుంది, వాళ్ళ మ్యూజియం ఉంది. వెళ్ళడం నేరం కాదు. జీఆర్ఈ పుస్తకం నా బ్యాగులోనూ ఉంది.

కానీ వాడికి నేను చెప్పిన జవాబు ఇదీ. వెళ్ళే ఆ ఆడవాళ్ళు పెట్టెలో పుస్తకం పెట్టుకున్నారు. మన పెట్టెలో ఏముంది? ఆవకాయ, పొడులు, ప్రెషర్ కుక్కర్. ఇరవై మూడు కిలోల లెక్కలో అవి చక్కగా సరిపోతాయి. నోటుపుస్తకం బరువెంత? నూట యాభై గ్రాములు ఉంటుందేమో.

తెల్లారేసరికి రైలు తెనాలి దాటి గుంటూరు వైపు పోతోంది. అప్పుడు ఇంకో సంగతి గుర్తొచ్చింది. యూదుల కోసం మేం కేరళ దాకా వెళ్ళాం గానీ, ఆ దగ్గర్లోనే, గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులున్నారు. బెనె ఎఫ్రాయిమ్ అంటారు తమని తాము. మాదిగ కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళు. తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిము సంతతి అని వాళ్ళ నమ్మకం. 1990ల మొదట్లో చిన్న సినగాగు కట్టుకున్నారు, హీబ్రూ నేర్చుకుంటారు, సబ్బాతు పాటిస్తారు. 2013లో ఇద్దరు పరిశోధకులు వాళ్ళ గురించి ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశారు. ఆంధ్రా యూదుల గురించి, కులం గురించి, మతం గురించి. మా బ్యాచ్‌లో గుంటూరు వాళ్ళు ఆరుగురు. ఒక్కడికీ ఈ ఊరి పేరు తెలీదు. నాకూ ఈ మధ్యనే తెలిసింది.

వాళ్ళ నమ్మకం చరిత్రకి నిలుస్తుందా లేదా అన్నది తేల్చడానికి నేనెవర్ని? నాకు కొట్టొచ్చినట్టు కనబడింది వేరు. మనుషులు వెళ్ళిపోయిన చోటికి టికెట్ కొనుక్కుని వెళ్ళి జాలిపడతాం. మనుషులున్న చోట, అందులోనూ మన భాషే మాట్లాడే మనుషులున్న చోట, వాళ్ళు ఉన్నారనే మనకి తెలీదు. ఖాళీ అయ్యాక బోర్డు పెడితే గానీ మన కంటికి ఆనదు.

ఇంత రాశాక "సంస్కృతిని కాపాడుకుందాం" అని ముగిస్తే మన క్లబ్బు వార్షికోత్సవ ఉపన్యాసంలా ఉంటుంది. కాబట్టి మూడు చిన్న పనులు అడుగుతా.

ఒకటి, ఈసారి ఏ మ్యూజియంకి వెళ్ళినా బయటికొచ్చేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఇక్కడ మనుషులున్నప్పుడు ఎవరు ఎక్కడ కూర్చునేవాళ్ళు? ముందుగది, జాలీ, నేల, బెంచీ. జవాబు బోర్డు మీద దొరికితే చదవండి. దొరక్కపోతే వెతకండి.

రెండు, ఈ సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు అమ్మమ్మో నాయనమ్మో ఉంటే పక్కన కూర్చుని ఫోన్లో రికార్డింగ్ నొక్కండి. పెళ్ళి పాటే కానక్కర్లేదు. నాట్లేసేటప్పటి పాట, బతుకమ్మ పాట, చర్చిలో పాడుకునే కీర్తన, పీర్ల పండగ పాట, ఏదైనా సరే. చరణాలతో సహా. పాడనంటే బతిమాలండి. నాకు ఆ అవకాశం లేదు కాబట్టి చెప్తున్నా.

మూడు, అవి మన క్లబ్బుకి పంపండి. ఎవరు పాడారు, ఏ ఊరు, ఎప్పుడు పాడతారు, ఈ మూడు ముక్కలు రాసి. మొదటిగా మా అమ్మకి వచ్చిన నాలుగు పల్లవులు నేను టైపు చేసి పెట్టా. చరణాలు లేకుండానే.

పోయిన నెల క్లబ్బు మీటింగుకి ఏడుగురం వచ్చాం. అందులో ఇద్దరు సమోసాల కోసం వచ్చామని వాళ్ళే ఒప్పుకున్నారు. ఫర్వాలేదు. పండితులక్కర్లేదని ముందే చెప్పుకున్నాం కదా. ఇంకో ముగ్గురు వస్తే చాలు.